లెసోతో తలుపు తీసింది

పోయిన నెల మా మండలి మీటింగులో ఒక్క మాట మీద రెండు గంటలు గొడవైంది. మా పేట పక్కనే ఉన్న ఒక కార్ఖానాలో యజమాని 50 మంది పనోళ్లను గేటు బయట నిలబెట్టి తాళం వేశాడు. కూచొని మాట్లాడుకోవడానికి చోటు లేక వాళ్లు మా హాలు రెండు ఆదివారాలు ఇమ్మని అడిగారు. ఆ యజమాని ఏటా మార్కండేయ జయంతికి మాకు చందా ఇచ్చే మనిషి.

"మనమెంత, మన లెక్కెంత? నలభై ఇండ్లోళ్లం. పెద్దోళ్ల కొట్లాటల మనం కాలు పెడితే మన కాలే ఇరుగుతది" అన్నాడు మా పెద్దాయన ఒకరు. ఆయన పిరికివాడేం కాదు. 30 ఏళ్లకు పైగా మిల్లులో చేసి, రెండు సమ్మెలు చూసి, మిల్లు మూతపడ్డాక రావాల్సిన పైసల కోసం ఇంకా కోర్టు మెట్లెక్కుతున్న మనిషి. అందుకే ఆయన మాటకు ఎవరూ వెంటనే జవాబు చెప్పలేకపోయారు. హాలు తాళంచెవులు నా దగ్గర ఉంటాయి గనక అందరూ నా మొఖం చూశారు. నేను నేల చూశాను. సంగతి వచ్చే మీటింగుకు వాయిదా పడింది.

ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. పెద్దోళ్ల కొట్లాటలో చిన్నోళ్లు కాలు పెడితే ఏమవుతుంది? దీని గురించి నేను చాలా ఏళ్లుగా చదువుతున్నాను, ఎవరికీ చెప్పలేదంతే. 1986 జనవరిలో, బదిలీ పనికి పేరు రాయించుకుని యూనియన్ ఆఫీసులో పేపర్లు తిరగేస్తుంటే లోపలి పేజీలో ఒక చిన్న వార్త కనబడింది. లెసోతో అనే దేశంలో సైన్యం ప్రభుత్వాన్ని దింపేసింది అని. ఆ పేరు వినడం నాకు అదే మొదలు. అప్పటి నుంచి ఆ దేశం గురించి ఎక్కడ ఏది దొరికినా చదువుతూ వచ్చాను. ఎందుకో తర్వాత చెబుతాను.

పిల్లల అట్లాసు తీసి దక్షిణాఫ్రికా చూడండి. దాని కడుపులో గుండ్రటి మచ్చలాగా ఒక చిన్న దేశం కనబడుతుంది. అదే లెసోతో. నాలుగు దిక్కులా దక్షిణాఫ్రికాయే. సముద్రం లేదు, ఇంకో పొరుగు దేశం లేదు. విస్తీర్ణం సుమారు 30,000 చదరపు కిలోమీటర్లు, మా సోలాపూర్ జిల్లాకు రెండింతలు అనుకోండి. అంతా కొండలు, చలి. నేను చెప్పబోయే కాలంలో అక్కడి జనం 15 లక్షల చిల్లర. అందులో లక్షమందికి పైగా మగవాళ్లు దక్షిణాఫ్రికా గనుల్లో దిగి పనిచేసి ఇంటికి డబ్బు పంపేవాళ్లు. మన తాతలు కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వదిలి సోలాపూర్, భివండి, బొంబాయి మిల్లులకు వచ్చినట్టే. తేడా ఒక్కటే. మనవాళ్లు మెల్లగా పెళ్లాం పిల్లలను తెచ్చుకుని చాళ్లలో సంసారాలు పెట్టారు. సోతోలకు ఆ వీలు లేదు. గని హాస్టల్లో ఉండాలి, కాంట్రాక్టు అయిపోగానే ఒంటరిగా తిరిగి పోవాలి.

తినే మొక్కజొన్న పిండి, పెట్రోలు, కరెంటు అన్నీ దక్షిణాఫ్రికా నుంచే రావాలి. కప్పుకునే దుప్పటి కూడా. సోతోలు మందపాటి ఉన్ని దుప్పటి భుజాల మీద వేసుకుని ముందర పిన్ను పెట్టుకుంటారు. పెళ్లికైనా చావుకైనా అదే వాళ్ల గుర్తు. కానీ ఆ దుప్పట్లు నేసింది ముందు ఇంగ్లాండు మిల్లుల్లో, తర్వాత దక్షిణాఫ్రికా మిల్లుల్లో. చద్దర్లు నేసే ఊరివాణ్ణి గనక ఈ సంగతి నా మనసులో నిలిచిపోయింది. ఒంటిమీది గుడ్డకు కూడా అవతలివాడి మీద ఆధారపడ్డ దేశం, ఆ అవతలివాడికే ఎదురు నిలబడింది.

ఆ అవతలివాడు ఎలాంటివాడో మన పాత తరానికి తెలుసు, పిల్లలకు తెలియకపోవచ్చు. దక్షిణాఫ్రికాలో 1948 నుంచి తెల్లవాళ్ల ప్రభుత్వం అపార్తీడ్ అనే చట్టాలు పెట్టింది. దేశంలో ఎక్కువ మంది నల్లవాళ్లే, అయినా వాళ్లకు ఓటు లేదు. నల్లవాళ్ల జేబులో పాస్ పుస్తకం లేకపోతే జైలు. వాళ్ల పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ను 1960లో నిషేధించారు. నెల్సన్ మండేలాకు 1964లో యావజ్జీవ శిక్ష వేశారు.

మనవాళ్లు కూడా అక్కడ ఉన్నారు. 1860 నుంచి 1911 దాకా 1,52,000 మందిని చెరకు తోటల్లో కూలికి ఒప్పందం మీద మన దేశం నుంచి ఓడల్లో నేటాల్‌కు తీసుకుపోయారు. మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లే. వాళ్లలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాడు వైపు తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. 1931లో వాళ్లు అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తరాలు గడిచాక వాళ్ల పిల్లలూ మిల్లులకే వచ్చారు. 1973 జనవరిలో డర్బన్‌లో ఇటుకల ఫ్యాక్టరీ నుంచి సమ్మె అంటుకుని ఫ్రేమ్ కంపెనీ బట్టల మిల్లులకు పాకింది. నల్లవాళ్లు, భారతీయులు కలిసి మగ్గాలు ఆపారు. మూడు నెలల్లో 60,000 మందికి పైగా బయటికి వచ్చారు. నల్ల కార్మికుల యూనియన్లకు చట్టంలో గుర్తింపే లేని కాలమది. అక్కడ మళ్లీ కార్మికోద్యమం లేచింది ఆ సమ్మెతోనే అని చరిత్ర రాసేవాళ్లు అంటారు.

1976 జూన్ 16న సొవెటోలో బడిపిల్లలు వీధుల్లోకి వచ్చారు. తమకు రాని ఆఫ్రికాన్స్ భాషలో లెక్కలు, సాంఘికం చెప్పొద్దన్నారు. పోలీసులు కాల్చారు. ఆ తర్వాత వేలమంది పిల్లలు రాత్రిపూట సరిహద్దులు దాటి పారిపోయారు. ఎక్కడికి? దగ్గర్లో ఉన్నవి మూడే చిన్న దేశాలు: బోట్స్వానా, స్వాజిలాండ్, లెసోతో.

లెసోతో వాళ్లను వెనక్కి తోలలేదు. బడుల్లో, రోమా అనే ఊళ్లోని విశ్వవిద్యాలయంలో చోటిచ్చింది. తర్వాత నోబెల్ శాంతి బహుమతి అందుకున్న డెస్మండ్ టూటూ ఆ కాలంలోనే, 1976 నుంచి 1978 దాకా, లెసోతో బిషప్పుగా ఉన్నాడు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు క్రిస్ హని కూడా ఏళ్ల తరబడి మసేరులో, అంటే లెసోతో రాజధానిలో ఉండి పనిచేశాడు. 1977లో డర్బన్ నుంచి ఫిలిస్ నాయుడు అనే లాయరమ్మ వచ్చింది. (నాయుడు అనగానే మనవాళ్లేనా అని అడగకండి, ఆ పేరు అక్కడ తెలుగువాళ్లలోనూ ఉంది, తమిళులలోనూ ఉంది.) పారిపోయి వచ్చిన పిల్లలకు తిండి, పుస్తకాలు, కాగితాలు చూసేది. 1979లో ఆమె ఉన్నచోటికి పోస్టులో ఒక పార్సిల్ వచ్చింది. విప్పితే బాంబు పేలింది. ఆమెకు గాయాలయ్యాయి, పక్కనున్న ఒక ఫాదర్ చెయ్యి పోయింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. తలుపు తీసినవాడు దేవుడేం కాదు. లెసోతో ప్రధాని లెబువా జోనాథన్ మొదట్లో దక్షిణాఫ్రికాకు కావలసిన మనిషే. 1970 ఎన్నికల్లో ఓడిపోతున్నాడని తెలియగానే ఎన్నికలే రద్దు చేసి, ఎమర్జెన్సీ పెట్టి కుర్చీలో కూచున్నాడు. గెలిచిన ఎన్సు మోఖెలె జైలుకు, తర్వాత పరాయి దేశానికి పోయాడు. తన ఇంట్లో ఓటు తుడిచేసిన మనిషి పక్కింటివాళ్ల ఓటు కోసం నిలబడ్డాడన్నమాట. ఇంట్లో బలం లేక బయట పేరు కోసమే చేశాడనేవాళ్లు ఉన్నారు, అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ 1976లో దక్షిణాఫ్రికా ట్రాన్స్‌కీ అనే బొమ్మ దేశాన్ని నిలబెట్టి గుర్తించమంటే లెసోతో గుర్తించనంది. దాంతో సరిహద్దు దార్లు మూశారు. లెసోతో ఆ ఫిర్యాదును ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి తీసుకుపోయింది. అక్కడ చిన్న దేశమైనా లేచి మాట్లాడొచ్చు, సర్వసభలో పెద్దకైనా చిన్నకైనా ఒక్కటే ఓటు. లెసోతో ఆ దారిని బాగా వాడుకుంది.

1982 డిసెంబరు 9 తెల్లవారకముందే దక్షిణాఫ్రికా సైనికులు హెలికాప్టర్లలో మసేరు మీద దిగారు. ఇళ్లలో పడుకున్నవాళ్లను కాల్చారు. 42 మంది చనిపోయారు. 30 మంది దక్షిణాఫ్రికావాళ్లు, 12 మంది లెసోతో ప్రజలే. ఏ రాజకీయమూ తెలియని ఆ 12 మంది గురించి చదివినప్పుడల్లా నేను కాసేపు ఆగుతాను. అంత్యక్రియలకు లెసోతో రాజు, ప్రధాని ఇద్దరూ వచ్చారు. పరాయి దేశంలో ఉన్న కాంగ్రెస్ అధ్యక్షుడు ఆలివర్ టాంబో కూడా ప్రాణాలకు తెగించి మసేరు వచ్చి నిలబడ్డాడు.

బోట్స్వానాదీ ఇదే కథ. శరణు కోరి వచ్చినవాళ్లకు చోటిస్తాం, తుపాకుల శిబిరాలకు మాత్రం ఇవ్వం అని ఆ దేశం గీత గీసుకుంది. అయినా 1985 జూన్ 14న గాబొరోన్ మీద దాడి చేసి 12 మందిని చంపారు. అందులో ఆరేళ్ల పిల్లవాడు ఉన్నాడు. స్వాజిలాండ్ మాత్రం భయపడి 1982లోనే దక్షిణాఫ్రికాతో రహస్యంగా ఒప్పందం చేసుకుని, దాక్కున్నవాళ్లను పట్టి బయటికి పంపింది. స్వాజిలాండ్‌ను తిట్టడం సులువు. మా పెద్దాయన అన్న మాటే వాళ్లూ అనుకుని ఉంటారు.

ఇక 1986 జనవరి 1. దక్షిణాఫ్రికా లెసోతో సరిహద్దు బిగించేసింది. లారీలు ఆగాయి. పెట్రోలు, తిండి, మందులు తగ్గిపోతూ వచ్చాయి. మూడు వారాలు కూడా కాకముందే, జనవరి 20న, జనరల్ లెఖన్యా సైన్యంతో వచ్చి జోనాథన్‌ను దింపేశాడు. కొద్ది రోజుల్లోనే శరణార్థులను విమానమెక్కించి పంపేశారు. సరిహద్దు తెరుచుకుంది. అదే ఏడాది అక్టోబరులో లెసోతో కొండల నీళ్లు దక్షిణాఫ్రికాకు ఇచ్చే పెద్ద ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ నీళ్ల కోసం వాళ్లు ఏళ్లుగా బేరమాడుతున్నారు.

నేను యూనియన్ ఆఫీసులో చదివిన చిన్న వార్త ఇదే.

ఆ వార్త నన్ను ఎందుకు వదల్లేదంటే, నేను చిన్నప్పుడు మా బాపు పనిచేసే మిల్లులో సమ్మె జరిగింది. ఏడు నెలలు భోంగా మోగలేదు. పగారు లేదు. మా గల్లీ మూల మీద ఒక చిన్న కిరాణా దుకాణం ఉండేది. నడిపేది కన్నడం ఆయన, మేము అప్పా అని పిలిచేవాళ్లం. జొన్నలు, నూనె, చాయ్‌పత్తి, ఉల్లిగడ్డ, మొత్తం చాళ్‌కు ఏడు నెలలూ ఉద్దెర ఇచ్చాడు. మా అవ్వ బీడీలు చుట్టి తెచ్చిన పైసలు కొంత కట్టేది, మిగతాది ఎర్ర పుస్తకంలో ఎక్కేది. ఆరో నెలలో ఆయనకు సరుకిచ్చే ఠోక్ వ్యాపారి ఇవ్వడం మానేశాడు. సమ్మెవాళ్లకు పెడుతున్నావని ఎవరో చెప్పారట. సమ్మె అయిపోయింది, మావాళ్లకు కొంత పెరిగింది. అప్పా దుకాణం మాత్రం ఆ ఏడే మూతపడింది. మా బాపు బాకీ మొత్తం తీర్చలేకపోయాడు. చాళ్‌లో చాలామంది తీర్చలేదు. కొందరు తీర్చగలిగి కూడా తీర్చలేదు, అదీ చెప్పాలి.

లెసోతో ప్రభుత్వం సరుకులు ఆగి పడిపోయిందని చదివినప్పుడు నాకు అప్పా దుకాణం షట్టరు కళ్ల ముందుకొచ్చింది. ఈ దేశం ఖాతా ఎవరు తీరుస్తారో చూడాలనుకున్నాను.

చిన్న దేశాలే అపార్తీడ్‌ను కూల్చాయని నేననను. కూల్చింది లోపలివాళ్లు: సొవెటో పిల్లలు, గని కార్మికులు, 1985 చివర్లో డర్బన్‌లోనే పుట్టిన పెద్ద యూనియన్ల సమాఖ్య. బయటి బ్యాంకులు అప్పులు ఆపాయి, ప్రపంచంలో రష్యా–అమెరికా పోటీ సద్దుమణిగింది. ఇవన్నీ కలిశాయి. కానీ పారిపోయినవాడు చచ్చిపోకుండా చదువుకుని తిరిగి రావాలంటే మధ్యలో ఎవరో ఒకరు తలుపు తియ్యాలి. టాంజానియా ఒక పాత నార తోటను ఇచ్చేస్తే అందులో ఆ పిల్లలకు బడి కట్టారు. జాంబియా తన రాజధానిలో వాళ్ల పార్టీ ఆఫీసు పెట్టుకోనిచ్చింది. పైకి కనబడకపోయినా, 1990లో నిషేధం ఎత్తేశాక తిరిగి వచ్చి ఎన్నికలు నడిపి ప్రభుత్వంలో కూచున్న మనుషుల్లో చాలామంది ఈ దేశాల్లో తిండి తిని బతికినవాళ్లే.

దూరంగా ఉన్న చిన్న దేశం ఇంకో రకంగా చేసింది. ఐర్లాండ్ జనాభా అప్పట్లో 35 లక్షలు. 1984 జులై 19న డబ్లిన్‌లోని డన్స్ స్టోర్స్ అనే పెద్ద దుకాణంలో గల్లాపెట్టె దగ్గర పనిచేసే 21 ఏళ్ల మేరీ మానింగ్, ఒక గిరాకీ తెచ్చిన రెండు దక్షిణాఫ్రికా పంపర పనసలకు బిల్లు కొట్టనంది. దక్షిణాఫ్రికా సరుకు ముట్టొద్దని వాళ్ల యూనియన్ తీర్మానం. ఆ పిల్లకు అప్పటికి అపార్తీడ్ గురించి పెద్దగా తెలియదు, యూనియన్ చెప్పిందని చేసింది, అంతే. సస్పెండ్ చేశారు. ఆమె వెంట తోటి అమ్మాయిలు, ఒక అబ్బాయి, పదకొండు మంది లోపే, బయటికొచ్చారు. వారానికి 21 పౌండ్ల సమ్మె భత్యం మీద వానలో, చలిలో రెండేళ్ల తొమ్మిది నెలలు ఆ గుమ్మం ముందు నిలబడ్డారు. మొదట్లో జనం నవ్వారు, తిట్టారు కూడా. నిమ్రాడ్ సెజాకే అనే దక్షిణాఫ్రికా శరణార్థి వాళ్ల పక్కన నిలబడి అక్కడి సంగతులు ఒక్కొక్కటే చెబుతూ పోయాడు. అలా నేర్చుకున్నారు. 1985లో టూటూ పిలుపు మీద దక్షిణాఫ్రికా వెళితే విమానాశ్రయం నుంచే వెనక్కి పంపారు. ఆ వార్త ఐర్లాండ్‌లో గుప్పుమంది. చివరికి 1987లో ఐర్లాండ్ ప్రభుత్వం దక్షిణాఫ్రికా పళ్లు, కూరగాయలు రాకుండా ఆపింది. 1990లో మండేలా డబ్లిన్ వచ్చినప్పుడు ఈ సమ్మె పిల్లలను పిలిపించుకుని కలిశాడు.

మన దేశం చిన్నది కాదు గాని, ఇది కూడా రాసుకోవాలి: ఇంకా స్వాతంత్య్రం కూడా రాని 1946లోనే, మొదట దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది మనమే.

1994 ఏప్రిల్ 27న అందరికీ ఓటు వచ్చింది. డర్బన్‌లో మన నాలుగో తరం, ఐదో తరం వాళ్లు కూడా నల్లవాళ్లతో ఒకే వరుసలో నిలబడి ఓటేశారు. మండేలా అధ్యక్షుడయ్యాడు.

మరి లెసోతో ఖాతా? అక్కడ సైన్యం 1993లో ఎన్నికలు పెట్టింది. 23 ఏళ్ల కింద గెలుపు లాక్కోబడిన మోఖెలె పార్టీ ఈసారి 65 సీట్లకు 65 గెలిచింది. మధ్యలో ఈ మోఖెలె మనుషులే దక్షిణాఫ్రికా సాయంతో లెసోతో మీద దాడులు చేశారన్నది ఇంకో చేదు సంగతి. 1994 ఆగస్టులో కొత్త రాజు ఆ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశాడు. అప్పుడు మండేలా, బోట్స్వానా అధ్యక్షుడు మసీరె, జింబాబ్వే ముగాబే ముగ్గురూ కలిసి ఒత్తిడి తెచ్చి, సెప్టెంబరుకల్లా ఎన్నికైన ప్రభుత్వాన్ని తిరిగి కూచోబెట్టారు. ఖాతా తీరిందని నేను సంతోషించాను. నాలుగేళ్ల తర్వాత, 1998లో, ఎన్నికల గొడవ ముదిరితే దక్షిణాఫ్రికా, బోట్స్వానా సైన్యాలు లెసోతోలో దిగాయి. నీళ్ల కోసం కట్టిన కట్సే డ్యామ్ దగ్గర కూడా కాల్పులు జరిగాయి. మసేరు బజారు దోపిడీ అయి తగలబడింది. ఆ వార్త చదివాక సంతోషం సగమైంది. ఇప్పుడు గనుల్లో పని తగ్గి, లెసోతోలో ఆడవాళ్లు వేలల్లో బట్టల ఫ్యాక్టరీల్లో అమెరికాకు జీన్సు కుడుతున్నారు. అమెరికా సుంకం మార్చినప్పుడల్లా వాళ్ల పాళీలు తగ్గుతాయి. మన ఇళ్లలో తువ్వాళ్లు కుట్టే ఆడవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

మొన్నటి మీటింగులో నేను ఈ కథంతా చెప్పలేదు, అంత వ్యవధి ఎవరిస్తారు? అప్పా సంగతి ఒక్కటే చెప్పాను. మా పెద్దాయనకు అప్పా బాగా గుర్తే. "నేను గూడ ఆయనకు పదిహేడు రూపాయలున్న" అన్నాడు. కాసేపాగి, "హాలియ్యండ్రి, గని మన మండలి బోర్డు మీద ఆళ్ల బేనర్ కట్టద్దు" అన్నాడు. నలుగురు వద్దన్నారు, వాళ్ల పేర్లు కూడా మినిట్స్‌లో రాశాం, అది వాళ్ల హక్కు.

రెండు ఆదివారాలూ ఇచ్చాం. యాభైమందీ వచ్చారు, చెప్పులు బయట వరసగా విడిచి, పోయేటప్పుడు హాలు ఊడ్చి పోయారు. కార్ఖానా గేటు ఇంకా తెరవలేదు, మాటలు నడుస్తున్నాయి. చందా ఇచ్చే ఆయన ఈ ఏడు రశీదు పుస్తకం వెనక్కి పంపేశాడు. జయంతికి మంటపం ఖర్చు ఇంటికి నూటయాభై చొప్పున వేసుకోవాలని అనుకున్నాం. ఇచ్చేవాళ్లు నా దగ్గరికి గానీ కోశాధికారి దగ్గరికి గానీ తెచ్చివ్వండి, రశీదు అడిగి తీసుకోండి.